గెలాక్సీలు ఒకప్పుడు ఎక్కువ.. ఇప్పుడు తక్కువ! ఎందుకంటే?

శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. నవంబర్, డిసెంబర్ రాత్రుల్లో తూర్పు ఆకాశంలో కనిపించే సురయ్యా వెలుగు అంతకంటే పాతది. తెలుగులో కృత్తికలు అనే ఈ నక్షత్రాల గుంపు నుంచి ఆ వెలుగు బయలుదేరి సుమారు 440 ఏళ్లయింది. అంటే మేడ మీద నుంచి ఇవాళ చూసేది ఆనాటి సురయ్యానే.

ఎంత దూరం చూస్తే అంత గతం కనిపిస్తుంది. అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ 964 ప్రాంతంలో 'చిన్న మబ్బు'గా రాసిపెట్టిన ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు 25 లక్షల ఏళ్ల నాటిది. 1995 డిసెంబర్‌లో హబుల్ టెలిస్కోప్ ఏమీ లేనట్టున్న చిన్న ఆకాశం ముక్కను పది రోజులు చూసింది. అందులో సుమారు 3,000 గెలాక్సీలు బయటపడ్డాయి. వాటిలో కొన్నిటి వెలుగు 1,000 కోట్ల ఏళ్లకు పైగా పాతది.

మసకగా కనిపించినంత మాత్రాన గెలాక్సీ వెలుగు తక్కువని చెప్పలేం. విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ నుంచి దూరం నడిచేకొద్దీ అక్కడి దీపం చిన్నగానే కనిపిస్తుంది. దీపం మాత్రం అదే. అందుకే శాస్త్రవేత్తలు ముందు దూరం తేలుస్తారు. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి దూరపు వెలుగు సాగి ఎరుపు వైపు జరుగుతుంది. ఆ జరుగుడే కొలత. తర్వాత ఒక్కో కాలానికి అసలు వెలుగును బట్టి గెలాక్సీలను లెక్కేస్తారు.

ఆ లెక్కలో తేలినవి ఇవీ. ఏ కాలంలోనైనా చిన్నవే ఎక్కువ, బాగా వెలిగేవి కొన్నే. 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం, విశ్వం తొలినాళ్లలో గెలాక్సీల సంఖ్య ఇప్పటికి పది రెట్లు. అవి మాయమైపోలేదు. ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవయ్యాయి. కొత్త నక్షత్రాల పుట్టుక సుమారు 1,000 కోట్ల ఏళ్ల క్రితం జోరుగా ఉండేది. ఇప్పుడు అందులో పదో వంతు మాత్రమే. నక్షత్రాలకు ముడిసరుకు చల్లటి గ్యాస్. కొంత వాడుకైపోయింది, కొంత వేడెక్కిపోయింది, కొత్తగా వచ్చి చేరేదీ తగ్గింది.

ఆ పాత సందడి లేకపోతే మనమూ లేం. సూర్యుడు పుట్టింది 460 కోట్ల ఏళ్ల క్రితమే. మన రక్తంలోని ఇనుము అంతకు ముందు తరాల నక్షత్రాల్లో తయారైందే.

ఆకాశాన్ని కొలవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. శ్రీకాకుళం దగ్గరి షేర్ మహమ్మద్ పురం జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లోనే విశాఖపట్నంలో సొంత అబ్జర్వేటరీ పెట్టారు. ఇప్పుడు పిల్లలకు చూపించాలంటే టెలిస్కోపే అక్కర్లేదు. అమావాస్య దగ్గర్లో, ఊరి లైట్లకు దూరంగా కళింగపట్నం తీరం లాంటి చోట మామూలు బైనాక్యులర్‌తో చూసినా అల్ సూఫీ చెప్పిన చిన్న మబ్బు దొరుకుతుంది.