లిపికి మూలమైన ఒక్క నిలువు గీత

చైనా లిపిలోని అక్షరం చూపుకు ఎంత చిక్కుగా ఉన్నా, విడదీసి చూస్తే అది కుంచె ఎత్తకుండా ఒక్క ఊపున గీసిన విడివిడి గీతల కూర్పేనని తెలుస్తుంది. వేల అక్షరాలను నిఘంటువులో వరుసగా అమర్చడానికి వాటిలో పదేపదే కనిపించే భాగాలను అక్కడి పండితులు గుర్తించారు. వీటిని మూలాంగాలు అనవచ్చు. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు 214 మూలాంగాలను గీతల సంఖ్యను బట్టి అమర్చింది. వాటిలో మొదటి ఆరూ ఒంటిగీతలే కాగా, అడ్డగీత తరువాత రెండవ స్థానం నిలువు గీతది. దీన్ని పెట్టెలాంటి ఆకారం నడుమ గీస్తే ‘మధ్య’ అనే అర్థమిచ్చే అక్షరమూ, అడ్డగీతతో ఖండిస్తే ‘పది’ అనే అక్షరమూ ఏర్పడతాయి.

ఇలాంటి నిలువు గీతకు పల్నాడులోనూ ఘనమైన చరిత్ర ఉంది. మాచర్లకు సమీపంలోని నాగార్జునకొండ, అంటే ఇక్ష్వాకుల నాటి విజయపురి, క్రీ.శ. 3వ శతాబ్దపు ప్రాకృత శాసనాలకు నెలవు. వాటి బ్రాహ్మీ లిపిలో ‘ర’ ఒకే నిలువు గీత. దాన్ని చిన్న అడ్డగీతతో ఖండిస్తే ‘క’. ఇక్ష్వాకుల లేఖకులు ఈ నిలువు గీతలను బాగా సాగదీసి, కింది కొసను వంచి, చెక్కడాన్నే అలంకారంగా మలిచారు. ఒకటి, రెండు, మూడు అంకెలను చైనా లిపిలో వలెనే అన్నే అడ్డగీతలతో రాశారు. అయినా ఈ రెండు లిపులూ వేర్వేరుగా ఎదిగినవే. మనిషి చేతికి సహజమైన గీత రెండింటికీ ఒకే రకమైన దారి చూపింది.

చైనా పేరు కూడా ఈ రాళ్ల మీద ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం, కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి మొదలైన దేశాలవారిని బౌద్ధం వైపు తిప్పిన ఆచార్యులను స్మరిస్తుంది.

కాలక్రమంలో ‘ర’ కింది వంపు మళ్లీ పైకి పాకి, గుండ్రబడి, నేటి తెలుగు ‘ర’ అయింది; గీత తలపై లేఖకులు పెట్టిన చిన్న గుర్తు మన తలకట్టుకు పూర్వరూపం. చైనా లిపి గీతను గీతగానే నిలుపుకోగా, తెలుగు లిపి దాన్ని వంపుగా మార్చుకుంది. 1954–60 తవ్వకాలలో బయటపడినవాటితో సహా నాగార్జునకొండ శిల్ప, శాసన సంపదను నాగార్జునసాగర్ జలాశయంలోని ద్వీపంపై ఉన్న ప్రదర్శనశాలలో చూడవచ్చు. నరసరావుపేట, గురజాల, మాచర్ల పాఠశాలల ఉపాధ్యాయులు పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, వారు రోజూ రాసే అక్షరాల తొలి రూపాలను ఆ రాళ్ల మీద చూపించాలి.