బడి పళ్లెంలో ఇరవై గ్రాముల పప్పు

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. నల్లరేగడి భూముల్లో పండే ఈ కంది ఇట్టే ఉడుకుతుందనీ, రుచి వేరనీ పేరు. తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లాలోనే, సర్కారు బడిలో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడే అయిదో తరగతి పిల్లకు రోజుకు దక్కాల్సిన పప్పు 20 గ్రాములు. ఆరు నుంచి ఎనిమిది దాకా 30.

కొలత చిన్నదే కానీ, దాని పని పెద్దది. ప్రాథమిక బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది నిబంధన. వంద గ్రాముల బియ్యంతో సుమారు ఏడు గ్రాములు వస్తాయి. మిగతాది పప్పే పూడ్చాలి. తెలంగాణ మెనూలో వారానికి మూడుసార్లు గుడ్డు ఉంది. గుడ్డు లేని రోజు పప్పు పలచనైతే పిల్లకు అందాల్సిన బలం అందనట్టే.

మరి డబ్బు ఎక్కడిది? బియ్యం కేంద్రం ఉచితంగా ఇస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, ఉప్పూకారం, వంటచెరకు లేదా గ్యాస్‌కు 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన ధర ప్రాథమిక పిల్లలకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, ఆపై ఎనిమిదో తరగతి దాకా 10 రూపాయల 17 పైసలు. ఇందులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. తొమ్మిది, పది తరగతులు కేంద్ర మధ్యాహ్న భోజన పథకం పరిధిలో లేవు కనుక ఆ ఖర్చంతా రాష్ట్రానిదే.

కిలో కందిపప్పు 120 రూపాయలనుకుందాం. 20 గ్రాములకే 2 రూపాయల 40 పైసలు. మిగిలిన 4 రూపాయల 38 పైసల్లో 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె, చింతపండు, పోపు, పొయ్యి. టమాటా ధర మండిన నెలలో ఈ లెక్క తేలదు.

ఆ లోటు మోసేది వంట చేసే ఆడవాళ్లే. బిల్లులు నెలల తరబడి ఆగినప్పుడు కిరాణా కొట్టులో ఉద్దెర తెచ్చి మరీ పొయ్యి వెలిగిస్తారు. వాళ్ల గౌరవ వేతనానికి 2009లో కేంద్రం పెట్టిన లెక్క నెలకు వెయ్యి. అందులో ఇప్పుడు కేంద్రం వాటా 600. తెలంగాణ దాన్ని మూడు వేలకు పెంచింది. నూరు మందికి వండి, వడ్డించి, గిన్నెలు తోమే మనిషికి అదీ చాలదు.

ఇది దయతో పెట్టే అన్నం కాదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పథకం మొదలైంది. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని పిల్లల హక్కుగా మార్చింది.

ఈ పథకంలోనే తిథి భోజనం అనే వెసులుబాటు ఉంది. పుట్టినరోజుకో, పండుగకో ఊరివాళ్లు బడి పిల్లలకు అదనంగా ఏదైనా పెట్టవచ్చు. సర్కారు ఇవ్వాల్సిన డబ్బుకు ఇది బదులు కాదు. బిల్లులు నెలనెలా చెల్లించాల్సిందే. అయినా తాండూరు పప్పు మిల్లుల యజమానులు, కంది రైతులు తలా ఒక బడిని ఎంచుకుని, పంట చేతికొచ్చిన నెలలో నాలుగు కిలోల పప్పు అందించాలి. తల్లిదండ్రులు నెలకోసారైనా భోజనం వేళకు బడికి వెళ్లి, గరిట ముంచి చూడాలి.