పాత సీసా మళ్లీ సీసాగా మారాలంటే

తుక్కు దుకాణానికి చేరిన ప్లాస్టిక్ సీసా మళ్లీ సీసాగా మారడం అరుదు. ఎక్కువ సందర్భాలలో అది నల్లటి పైపుగానో, చౌకరకం బకెట్టుగానో, పూలకుండీగానో రూపు మార్చుకుంటుంది. ప్రతి మార్పులోనూ దాని నాణ్యత ఒక మెట్టు దిగుతుంది. చివరకు కొనేవారు లేని దశకు చేరుకుని, ఏ చెత్తకుప్పకు వెళ్లకూడదని ఆశించామో అక్కడికే వెళ్తుంది. 1950 నుంచి 2015 వరకు ప్రపంచంలో సుమారు 830 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తయారైందని, వ్యర్థంగా మారినదానిలో దాదాపు 9 శాతం మాత్రమే రీసైక్లింగ్‌కు నోచుకుందని 2017లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం లెక్కగట్టింది.

ఈ పరిస్థితిని మార్చేందుకు హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న అంకుర సంస్థ బన్యన్ నేషన్. మణి వాజిపేయ్, రాజ్‌కిరణ్ మదనగోపాల్ 2013లో దీనిని స్థాపించారు. ఇద్దరూ అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన మిత్రులు. వాజిపేయ్ ఆ తరువాత క్వాల్‌కామ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేశారు. ప్లాస్టిక్ పరిశ్రమతో పూర్వ పరిచయం లేకుండా ఈ రంగంలో అడుగుపెట్టిన వీరికి మొదట ఎదురైన ప్రశ్న యంత్రాలకు సంబంధించినది కాదు. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌ను పెద్ద కంపెనీలు ఎందుకు నమ్మడం లేదన్నదే ఆ ప్రశ్న.

కారణం స్పష్టమే. మన దేశంలో ప్లాస్టిక్ సేకరణ చాలావరకు అసంఘటిత రంగం చేతుల మీదుగా జరుగుతుంది. చెత్త ఏరుకునేవారు, వీధివీధికీ తిరిగి పాత సామాన్లు కొనేవారు, కాటా పెట్టుకున్న చిన్న దుకాణదారులు, వారి నుంచి కొనే టోకు వ్యాపారులు, ఇలా సరుకు నాలుగైదు చేతులు మారుతుంది. ఆ సరుకు ఏ వీధిలో, ఏ వస్తువుగా మొదలైందో చివర కొనేవారికి తెలియదు. ఈ వారం వచ్చిన లారీకి, వచ్చే వారం రాబోయే లారీకి పోలిక ఉండదు. ఒకే రంగు, ఒకే బలం గల లక్షల సీసాలు చేయవలసిన కర్మాగారానికి ఇటువంటి అనిశ్చితి పనికిరాదు.

బన్యన్ బృందం ఈ చిన్న వ్యాపారులను తప్పించి కొత్త సేకరణ వ్యవస్థను నిర్మించే ప్రయత్నం చేయలేదు. ఎక్కడ ఏ దుకాణం ఉంది, అక్కడికి ఏ రకం ప్లాస్టిక్ ఎంత వస్తోంది అన్న వివరాలను నమోదు చేసి, ఉన్న గొలుసునే ఒక సమాచార వ్యవస్థతో అనుసంధానించింది. ఈ నిర్ణయం వెనుక ఒక వాస్తవం ఉంది. ప్లాస్టిక్‌ను గుర్తించడంలో తుక్కు దుకాణాల పనివారి నైపుణ్యం చిన్నది కాదు. ముక్కను వంచి, విరిచి, నేలపై కొట్టినప్పుడు వచ్చే శబ్దాన్ని విని, కొన్నిసార్లు అంచును కాల్చి వాసన చూసి అది ఏ రకమో వారు చెప్పగలరు. ఆ పొగ వారి ఆరోగ్యానికి చేటు చేస్తుందన్నదీ అంతే నిజం.

వేరుచేయడం ఇంత ముఖ్యం ఎందుకు? మనం ప్లాస్టిక్ అని ఒకే పేరుతో పిలిచేది ఒకే పదార్థం కాదు. మంచినీళ్ల సీసా పెట్‌తో తయారవుతుంది. అది కరగడానికి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. షాంపూ సీసాలో ఉండే హెచ్‌డీపీఈకి సుమారు 130 డిగ్రీలు చాలు. ఆ సీసా మూతలో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్‌కు దాదాపు 160 డిగ్రీలు అవసరం. వీటిని కలిపి కరిగిస్తే ఒకటి మరొకదానితో కలిసిపోదు. తయారైన వస్తువు ఆ అతుకుల దగ్గరే పగులుతుంది. నీటి తొట్టెలో వేస్తే పెట్ మునుగుతుంది, మిగిలిన రెండూ తేలుతాయి. తేలిన రెండింటినీ విడదీయడానికి నీరు చాలదు. అక్కడ మనిషి కన్నో, పరారుణ కాంతితో రకాన్ని పసిగట్టే యంత్రమో కావాలి.

ఒకే రకానికి చెందినవైనా అన్నీ ఒకే పనికి రావు. కరిగినప్పుడు చిక్కగా సాగే హెచ్‌డీపీఈతో సీసాలు ఊదుతారు. పలుచగా పారేదానిని అచ్చులలోకి నెట్టి బకెట్లు, మూతలు చేస్తారు. అందుకే ప్రయోగశాలలో, నిర్ణీత వేడి, బరువు కింద కరిగిన ప్లాస్టిక్ పది నిమిషాలలో ఎన్ని గ్రాములు జారుతుందో కొలుస్తారు. సీసా మళ్లీ సీసా అవుతుందా, బకెట్టుగా దిగిపోతుందా అన్నది నిర్ణయించే పరీక్షలలో ఇది ఒకటి.

వేరుచేసిన తరువాతి ఘట్టం శుభ్రపరచడం. సీసాపై ముద్రించిన సిరా, అంటించిన లేబుల్ జిగురు, లోపల మిగిలిన నూనె, కారు బంపర్ మీది రంగు పొర, వీటిలో ఏ కొంచెం మిగిలినా కొత్త వస్తువుపై మచ్చగానో, బలహీన బిందువుగానో తేలుతుంది. బన్యన్ సంస్థ ప్రధానంగా దృష్టి సారించినది ఈ మలినాలను తొలగించే శుద్ధి పద్ధతిపైనే. శుద్ధి చేసిన ముక్కలను కరిగించి, వడపోసి, ఏకరూపమైన గుళికలుగా మారుస్తారు. టాటా మోటార్స్‌తో కలిసి పాత బంపర్ల ప్లాస్టిక్‌ను తిరిగి బంపర్ల తయారీకి మళ్లించడం ఈ సంస్థకు పేరు తెచ్చింది. 2018లో దావోస్‌లో చక్రీయ ఆర్థిక వ్యవస్థకు సంబంధించి ఇచ్చే పురస్కారాలలో ప్రజాభిమాన విభాగపు అవార్డును అందుకుంది.

ఈ ప్రయత్నాలకు ఇప్పుడు చట్టం అండ లభించింది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జారీ చేసిన ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత మార్గదర్శకాలు గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్ చేసిన పదార్థానికి లక్ష్యాలు నిర్దేశించాయి. 2025-26లో 30 శాతంతో మొదలై, 2028-29 నాటికి 60 శాతానికి చేరాలన్నది ఆ నిర్దేశం. ఇంతవరకు కంపెనీల ఇష్టాయిష్టాలపై ఆధారపడిన కొనుగోలు ఇకపై బాధ్యతగా మారుతుంది.

అయినా రెండు సవాళ్లు మిగిలే ఉన్నాయి. మొదటిది ధర. కొత్త ప్లాస్టిక్ ముడి చమురు, సహజ వాయువుల నుంచి తయారవుతుంది. చమురు ధర పడిపోతే కొత్త గుళికలు చౌక అవుతాయి. ఏరి, కడిగి, పరీక్షించిన పాత ప్లాస్టిక్‌కు గిరాకీ తగ్గుతుంది. ఆ దెబ్బ గొలుసు చివరన ఉన్న చెత్త ఏరుకునే మహిళ రోజు కూలిపై పడుతుంది. రెండవది పరిధి. పలు పొరలను అతికించి చేసే షాంపూ పొట్లాలు, చిప్స్ సంచుల వంటి వాటిని ఈ పద్ధతితో విడదీయడం సాధ్యం కాదు. వాటి బరువు తక్కువ, కొనేవారు తక్కువ. కనుక ఏరేవారూ తక్కువే.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెత్త ఏరుకునేవారి సంఘాలను గుర్తించి, సేకరణ వ్యవస్థలో భాగం చేయాలని స్థానిక సంస్థలకు సూచించాయి. రీసైకిల్ చేసిన గుళికకు కంపెనీలు మంచి ధర చెల్లించే రోజులు వచ్చినప్పుడు, అందులో వీరి వాటా ఎంత అన్నది అప్పుడే తేల్చవలసిన అంశం. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, సరైన తూకం, సకాలంలో చెల్లింపు లేకపోతే సేకరణే కుంటుపడుతుంది. సేకరణ లేని చోట ఎంత గొప్ప యంత్రమైనా ఖాళీగానే తిరుగుతుంది.

గృహస్థులు చేయగలిగినదీ ఒకటుంది. సీసాను ఖాళీ చేసి, కాస్త నీటితో కడిగి, తడి చెత్తతో కలపకుండా పొడి చెత్తలో వేస్తే చాలు. అన్నం మెతుకులు, కూర నూనె అంటిన ప్లాస్టిక్‌ను కర్మాగారంలో శుభ్రం చేయడానికి అయ్యే నీరు, వేడి, ఖర్చు, వంటింటి కుళాయి దగ్గర పట్టే అర నిమిషంతో పోల్చదగినవి కావు.