దీపావళి దీపాలకు హెచ్‌ఓఏ గడువు

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో కొందరికి దీపావళి రోజుల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నుంచి లెటర్ వస్తుంది: అలంకరణ దీపాలు తీసేయండి, లేకపోతే ఫైన్. మన ఇంటికి మనం దీపాలు పెట్టుకుంటే వీళ్లెవరు అడగడానికి అనిపిస్తుంది. ఆ అధికారం కమ్యూనిటీ నిబంధనల నుంచి వస్తుంది. సాధారణంగా బిల్డర్ వాటిని ముందే కౌంటీలో రిజిస్టర్ చేయిస్తాడు. ఇల్లు ఎవరి చేతికొస్తే వాళ్లకు అవి వర్తిస్తాయి, చదవలేదంటే కుదరదు.

రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛ ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అది కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. హెచ్‌ఓఏ ప్రైవేటు సంఘం. అయితే 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం మతాన్ని బట్టి వివక్ష చూపడాన్ని నిషేధించింది. టెక్సస్‌లో అదనపు రక్షణ ఉంది. 2011లో గుమ్మం వరకే, అదీ 25 చదరపు అంగుళాలకు మించకుండా, మత చిహ్నాలను అనుమతించిన చట్టాన్ని 2021లో ఇంటి ఆవరణకంతా విస్తరించారు. ఉమ్మడి స్థలంలో పెట్టినా, భద్రతకు ముప్పు తెచ్చినా ఆ రక్షణ ఉండదు.

అసలు చిక్కు తరచుగా తేదీల దగ్గర వస్తుంది. థాంక్స్‌గివింగ్ నుంచి జనవరి మధ్యదాకా దీపాలు పెట్టుకోవచ్చని నిబంధన ఉందనుకుందాం. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. దీపావళి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్యలోపు వస్తుంది. అంటే ఏ ఏడాదీ ఆ గడువులో పడదు. రాసినవాళ్లకు దురుద్దేశం లేకపోవచ్చు. వాళ్ల కళ్ల ముందున్నది క్రిస్మస్ ఒక్కటే.

కోర్టుకెళితే త్వరగా తేలుతుందన్న భరోసా లేదు. ఐడహో రాష్ట్రం హేడెన్‌లో క్రిస్మస్ వేడుకలపై హెచ్‌ఓఏతో వచ్చిన వివాదంలో 2018లో జ్యూరీ ఇంటి యజమానికి 75,000 డాలర్లు ఇవ్వమంది. మరుసటి ఏడాది జడ్జి ఆ తీర్పును పక్కన పెట్టారు. 2024లో అప్పీలు కోర్టు అందులో కొంత భాగాన్ని మళ్లీ విచారించమంది.

అందుకే లెటర్ రాగానే అందులో పేర్కొన్న నిబంధన ఏదో చూడాలి. టెక్సస్‌లో ఫైన్ వేయడానికి ముందు సాధారణంగా నోటీసు, సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వాలి. 30 రోజుల్లోపు బోర్డు ముందు విచారణ కోరవచ్చు. మూల నిబంధనలు మార్చాలంటే ఇళ్ల యజమానుల ఓట్లు భారీగా కావాలి. తేదీలు బోర్డు మార్గదర్శకాల్లో మాత్రమే ఉంటే, చాలాచోట్ల బోర్డు సమావేశంలోనే మార్చుకోవచ్చు. అక్కడ దీపావళికి మినహాయింపు అడిగేకంటే ‘ఏ పండుగకైనా ముందు ఇన్ని రోజులు, తర్వాత ఇన్ని రోజులు’ అని రాయమనడం మేలు. పక్కింటివాళ్లూ దానికి చెయ్యెత్తుతారు.