తొలి మాట దేవుడితో...

అలారం మోగుతుంది. ఆపడానికి ఫోను అందుకుంటారు. అలారం ఆగిపోతుంది కానీ ఫోను మాత్రం చేతిలోనే ఉండిపోతుంది! ఆఫీసు మెయిళ్లు, రాత్రి పై అధికారి పెట్టిన మెసేజి, స్కూలు గ్రూపులో యూనిఫాం సంగతి... దుప్పటైనా మడవకముందే రోజంతటి బరువూ మంచం మీదికే వచ్చేస్తుంది. పక్కనున్న బైబిలు వంక చూసి 'ఒక్క నిమిషం... ఇది అవగానే' అనుకోవడం, ఆ నిమిషం రాత్రి దాకా రాకపోవడం ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు అనుభవమే.

తప్పంతా ఫోనుదే అనుకుంటే పొరపాటు. ఈ 'ఒక్క నిమిషం' అయిదు వందల ఏళ్ల కిందటే ఉంది.

క్షురకుడి కోసం ఓ పుస్తకం

జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసే పీటర్ బెస్కెండోర్ఫ్, ప్రార్థన ఎలా చేయాలని ఆయన్ని అడిగారు. జవాబుగా లూథర్ 1535లో చిన్న పుస్తకమే రాసిచ్చారు. పొద్దున మొదటి పనీ, రాత్రి చివరి పనీ ప్రార్థనే కావాలన్నది అందులోని సలహా. కాసేపాగి చేద్దాం, ముందు ఈ పని చూసుకుందాం అనిపిస్తే ఆ ఆలోచనను నమ్మొద్దన్నారు. ఒక పని ఇంకో పనిని వెంటబెట్టుకొస్తుంది, ఆ రోజుకి ప్రార్థన ఊసే ఉండదు!

మరి 'పనే దైవం' అంటారు కదా? లూథర్ దాన్నీ కాదనలేదు. కొన్ని అత్యవసరమైన పనులు ప్రార్థనతో సమానమేనన్నారు. కానీ ఆ సాకుతో అసలు అలవాటే పోగొట్టుకోవద్దన్నారు.

మనసు నిలవకపోవడం గురించి ఆయన చెప్పిన పోలిక పీటర్ వృత్తిలోదే. మంచి క్షురకుడి కళ్లూ మనసూ కత్తి మీదే ఉండాలి. కబుర్లాడుతూ దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది. ప్రార్థనా అంతే. అందుకో పద్ధతి కూడా చూపించారు. ఒక్కో ఆజ్ఞనూ నాలుగు పేటల దండలా అల్లుకోవాలి. ఇందులో నేర్చుకోవాల్సిందేంటి? దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఏ తప్పు ఒప్పుకోవాలి? ఏం అడగాలి? ఈ నాలుగు ప్రశ్నలకూ పది నిమిషాలు చాలు.

ఇదేమీ తాయెత్తు కాదు సుమా! అదే ఏడాది ఈస్టర్ వేళ విందులో తాగిన మైకంలో పీటర్ తన అల్లుణ్ని పొడిచి చంపారు. పెద్దల జోక్యంతో ప్రాణం దక్కినా ఊరు వదలాల్సి వచ్చింది. ప్రార్థన పుస్తకం చేతిలో ఉండటం వేరు, రోజూ ప్రార్థనలో నిలవడం వేరు.

ముందు వినడం... తర్వాత అడగడం

తెల్లారే లేచి మోకరించినా ఆలోచనలు ఎటో పోతున్నాయా? ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో వేలమంది అనాథల్ని పెంచిన జార్జ్ ముల్లర్‌కూ ఆ ఇబ్బంది తప్పలేదు. ఏళ్ల తరబడి ఆయన ఉదయం తయారవగానే ప్రార్థనకు కూర్చునేవారు. మనసు కుదుటపడేసరికి ఒక్కోసారి అరగంట గడిచిపోయేది. 1841లో ఆయన వరస మార్చారు. ముందు బైబిలు చదివి ధ్యానించడం, ఆ వాక్యంలోంచే ప్రార్థనలోకి వెళ్లడం. కడుపుకి తిండిలాగే ఆత్మకీ ముందు ఆహారం పెట్టాలన్నది ఆయన గ్రహించిన విషయం.

ముల్లర్ కుటుంబానికి తెలుగునేలతోనూ బంధముంది. ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతోనే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ భారతదేశానికి వచ్చి, నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ మొదలుపెట్టారు.

అందరూ వెతుకుతుంటే...

ఈ అలవాటుకు మూలం సువార్తలోనే ఉంది. కపెర్నహూములో ఓ సాయంత్రం పట్టణమంతా యేసు ఉన్న ఇంటి ముందు గుమిగూడింది. ఎందరో స్వస్థత పొందారు. మర్నాడు ఇంకా చీకటుండగానే ఆయన లేచి, ఒంటరి చోటికి వెళ్లి ప్రార్థన చేశారని మార్కు సువార్త మొదటి అధ్యాయం చెబుతుంది. సీమోను వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీకోసం చూస్తున్నారన్నాడు. ఆయన మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఇతర ఊళ్లలోనూ ప్రకటించాలంటూ బయల్దేరారు.

పొద్దున్నే అందరూ మనకోసం వెతుకుతూనే ఉంటారు. మొదట ఎవరు పిలిస్తే వాళ్ల పనే ఆ రోజుని నడిపిస్తుంది. దేవుడి సన్నిధిలో కాసేపు గడిపాక అదే పనుల పట్టికలో ఏది చేయాలో, దేన్ని వదిలేయాలో తేటగా కనిపిస్తుంది. చేసే పని తగ్గకపోవచ్చు, కంగారు తగ్గుతుంది.

ఇంట్లో ఇలా...

* అలారానికి చిన్న గడియారం కొనుక్కుంటే మేలు. ఫోను హాల్లోనే చార్జింగ్‌లో ఉండనివ్వండి. బైబిలు కూడా ఫోనులోనే చదువుతుంటే మధ్యలో వచ్చే మెసేజిలను ఆపేయండి. కుదిరితే అచ్చు పుస్తకమే తెరవండి.

* ఒక్కరోజులో అంతా చదివేయాలనుకోవద్దు. మార్కు సువార్తలో ఉన్నవి 16 అధ్యాయాలే. రోజుకొకటి చదివినా రెండు వారాల పైచిలుకులో పూర్తవుతుంది. కీర్తనలు 150. రోజుకి అయిదు చొప్పున నెలకి సరిపోతాయి.

* ప్రార్థనలో పని గుర్తొస్తే పక్కనున్న కాగితం మీద ఓ మాట రాసి పెట్టుకోండి. రాసేశాక మనసు దాన్ని మోయక్కర్లేదు.

* కుటుంబ ప్రార్థన వేళ అందరూ చాపమీదా, అమ్మ ఒక్కతే పొయ్యి దగ్గరా ఉంటే ఎలా? క్యారేజీ కూర రాత్రే తరిగిపెట్టడం, నీళ్ల సీసాలు పిల్లలే నింపుకోవడం, టీ నాన్న పెట్టడం... ఆవిడకూ పది నిమిషాలు మిగిల్చేవి ఇవే.

* రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు దిగులుపడక్కర్లేదు. ఎప్పుడు నిద్రలేస్తే అదే వాళ్లకి వేకువ. గడియారంలో అంకె కాదు, ఏది ముందన్నదే ముఖ్యం.

* ఒకరోజు తప్పిపోతే దాన్ని అప్పులా లెక్కపెట్టుకోవద్దు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు మన్నాను ఏ పూటకాపూట ఉదయమే ఏరుకున్నారు. ఎండెక్కితే అది కరిగిపోయేది, దాచుకున్నది మర్నాటికి పాడయ్యేది. అయినా మర్నాడు మళ్లీ కొత్తగా కురిసేది. నిన్నటిది పోయిందని ఎవరూ పస్తుండలేదు.