ఎర్రగా ఉన్నదంతా కారమేనా?



"కారం తినవచ్చా సిస్టరమ్మా?" డిశ్చార్జి రోజున చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. ఏ కారం అని మేము తిరిగి అడుగుతాము.

2003 మే నెలలో మన దేశం నుండి వెళ్ళిన మిరప సరుకులో సుడాన్ 1 అనే రంగును ఫ్రాన్సులో పట్టుకున్నారు. అది మైనానికి, బూట్ల పాలిష్‌కు వేసే రంగు. జంతువుల మీద పరీక్షలలో కాలేయంలో గడ్డలు లేపింది. ఆ రంగు లేదని ల్యాబ్ కాగితం చూపనిదే మిరప సరుకును రానివ్వమని ఆ జూన్‌లో యూరప్ దేశాలు నిబంధన పెట్టాయి. అయినా 2005 ఫిబ్రవరిలో, కల్తీ కారం కలిసిన ఒక సాస్ వల్ల బ్రిటన్‌లో 400కు పైగా తినుబండారాలను దుకాణాల నుండి వెనక్కి తీయవలసి వచ్చింది. అన్నిటిని ఎలా వెతికారు? ఎవరి దగ్గర కొన్నదీ, ఎవరికి అమ్మినదీ ప్రతి వ్యాపారి రాసిపెట్టాలని అక్కడి చట్టం.

మన ఆహార భద్రతా చట్టం 2006లో వచ్చి, 2011 ఆగస్టు 5 నుండి అమలైంది. ప్యాకెట్ మీద 14 అంకెల లైసెన్సు నంబరు అందుకే. విడిగా తూచి కట్టిన కారానికి నంబరూ లేదు, తయారీదారు పేరూ లేదు. బిడ్డకు జబ్బు చేస్తే ఎవరిని అడుగుతాము?

గ్లాసు నీళ్ళలో కారం చల్లి, రంగు చారలుగా దిగుతుందేమో చూస్తారు కొందరు. మంచిదే, నీటిలో కరిగే రంగులు తెలుస్తాయి. సుడాన్ నూనెలో కరిగేది. ఆ గ్లాసుకు దొరకదు.

నయాపూల్ దాటితే బేగంబజారే కదా! ఎండుమిర్చి కొనండి. నాలుగైదు విరిచి లోపల బూజు చూడండి. బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. గిర్నీలో దగ్గరుండి ఆడించుకోండి. తీరిక లేనివారు నంబరున్న ప్యాకెట్ కొని, కారం డబ్బాలో పోసుకున్నా, అది అయిపోయేవరకు కవరు పారవేయకండి.