ఫ్యాక్టరు అంటే ఏమిటి?

గురజాల వైపు ఒక సంఘంలో లెక్కలు తనిఖీ చేస్తుండగా ఒక పెద్దాయన అడిగారు: "ఇనస్పెక్టరు గారూ, గేదె అదే, మేత అదే. ఫ్యాక్టరు మారిందని డబ్బు తగ్గించారు. ఏమిటండీ ఆ ఫ్యాక్టరు?" సభ్యులందరూ తెలుసుకోదగిన విషయం గనుక వివరిస్తున్నాను.

గణితంలో ఫ్యాక్టరు అంటే కారణాంకం. శేషం లేకుండా భాగించే సంఖ్య. 12కు 1, 2, 3, 4, 6, 12 కారణాంకాలు. ఇది మన పిల్లలు బడిలో చదివేది.

అర్థశాస్త్రంలో ఉత్పత్తి కారకాలు నాలుగు: భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన. వాటి ప్రతిఫలాలు భాటకం, వేతనం, వడ్డీ, లాభం. మేత పండే చెక్క భూమి, గేదె మూలధనం, తెల్లవారక ముందే లేచి పాలు పితికే ఇల్లాలిది శ్రమ. ఆ శ్రమకు కూలి కట్టకుండా పాడిలో లాభం చూసుకుంటే అది సరియైన లెక్క కాదు.

ద్రవ్య వ్యవహారాలలో ఫ్యాక్టరు ఒక సంస్థ. అరువుకు సరుకు అమ్మిన వ్యాపారి బిల్లులను కొంత కోతతో కొని, డబ్బు ముందుగా ఇచ్చి, వసూలు తాను చూసుకుంటుంది. దీనికి మన దేశంలో చట్టం ఉంది.

ఇక పాల లెక్కలో ఫ్యాక్టర్లు రెండు. మొదటిది లీటర్లను కిలోలుగా మార్చే 1.03. దీనితో హెచ్చించాలి. 40 లీటర్ల క్యాను 41.2 కిలోలు. వెన్న 7 శాతమైతే 2.884 కిలోల వెన్న. లీటరునే కిలోగా రాస్తే 2.8 కిలోలే. క్యానుకు 84 గ్రాముల వెన్న లెక్కలో పోయినట్లే.

రెండవది ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలోని సవరణ అంకె. దీనితో హెచ్చించరు, కలుపుతారు. లాక్టోమీటరు రీడింగులో నాలుగవ వంతుకు, వెన్న శాతంలో అయిదవ వంతు కలిపి, ఆపైన ఈ అంకె కలపాలి. రీడింగు 28, వెన్న 7 అయితే 7 + 1.4 = 8.4. అంకె 0.36 అయితే ఎస్.ఎన్.ఎఫ్. 8.76; 0.66 అయితే 9.06. గేదె పాలకు ప్రమాణం 9 శాతం. అవే పాలు ఒక లెక్కలో తప్పాయి, మరొక లెక్కలో నెగ్గాయి! పెద్దాయన గేదె తప్పేమీ లేదు.

కనుక సంఘంలోనూ, పాలు తీసుకునే కేంద్రంలోనూ ఒకే అంకె వాడుతున్నారా అని సర్వసభ్య సమావేశంలో అడగండి. ఆ అంకెను నోటీసు బోర్డుపై రాయించండి. అడగడం సభ్యుని హక్కు. చెప్పడం కార్యదర్శి విధి.